మణిమాల ఫెయిలైన వైనం

మా సంస్థలో ఫెయిలవడం ఎంత కష్టమో బయటివాళ్లకు తెలియదు. పుస్తకం తెరవకుండా కూర్చుంటే చాలు, ఫెయిలైపోవచ్చు అనుకుంటారు. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు ఫెయిలవ్వాలంటే ప్రణాళిక కావాలి, గైడు కావాలి, డెబ్బై అయిదు శాతం హాజరు కావాలి, ఆపైన దైవానుగ్రహం కావాలి. ఇన్నీ ఉండి కూడా ఫెయిలవలేక ఏడ్చిన పిల్లను నేను కళ్లారా చూశాను.

నా పేరు తటవర్తి కేశవులు. కొత్తరేవు పాలిటెక్నిక్‌లో ఇంజనీరింగ్ డ్రాయింగ్ చెప్పేవాణ్ణి. గీత గీయడం, గీసింది చెరపడం తప్ప నాకు వేరే విద్య రాదు. ఒక సోమవారం కాలేజీకి వెళ్లేసరికి గేటు మీద బోర్డు మారిపోయి ఉంది. ‘అంతర్‌సాంస్కృతిక సాంకేతిక వ్యవస్థాపకత్వ సమున్నత శిక్షణాలయం’ అని రాశారు. పేరు పొడుగు, గేటు పొట్టి. అందుకని చివర్న ‘లయం’ అన్న ముక్క మాత్రం పక్కనున్న సైకిల్ స్టాండు మీద పడింది.

నిన్నటిదాకా ప్రిన్సిపాలుగా ఉన్న డాక్టర్ గంధం దక్షిణామూర్తి గారు ఆ రోజు నుంచి డైరెక్టరు. ఆయన మామూలు తెలుగు మాట్లాడగా విన్నవాళ్లు లేరు. దాహం వేస్తే మంచినీళ్లు అడగరు, జలసేకరణ నిమిత్తం తగు చర్య తీసుకోమంటారు. ఎక్కడో ఉత్తరాన, సూర్యుడు నెలల తరబడి సెలవు పెట్టే ఒక చలిదేశపు విశ్వవిద్యాలయంతో మాకు ఒప్పందం కుదిరిందనీ, మన పిల్లలకు కంప్యూటర్ కంపెనీలు పెట్టడం వాళ్లు నేర్పుతారనీ, ఇది రెండు సంస్కృతుల సంగమమనీ ఆయన ప్రకటించారు. సంగమానికి ఆ దేశం నుంచి ప్రొఫెసర్ ఇంగ్రిడ్ అనే ఆవిడ వచ్చింది. పొడుగాటి మనిషి, మంచి మనిషి. మా ఎండకు ఎర్రగా కందిపోయి కూడా నవ్వుతూనే ఉంది.

ఆవిడ హాల్లో నిలబడి, మీలో ఎప్పుడైనా ఫెయిలైనవాళ్లు చేతులెత్తండి అంది. ఒక్క చెయ్యి లేవలేదు. వెనక వరసల్లో సగం మందికి రెండేళ్ల నాటి లెక్కల పేపరు ఇంకా మిగిలే ఉంది. వాళ్లంతా పైకప్పులో బల్లిని వెతుకుతున్నట్టు చూపులు పైకి పెట్టారు. నా పక్కనున్న ఫిజిక్సు లెక్చరరు గ్రూప్స్ పరీక్ష రాసి రాసి అలసిపోయిన మనిషి, ఎందుకైనా మంచిదని చేతులు జేబుల్లో పెట్టేసుకున్నాడు.

అప్పుడావిడ నెమ్మదిగా చెప్పింది. తమ దేశంలో ఎవరి కంపెనీ అయినా మునిగిపోతే స్నేహితులు చేరి కేకు కోస్తారట. రెండు కంపెనీలు ముంచినవాడికి గౌరవం ఎక్కువట. మీ దగ్గర ఓడిపోతానన్న భయం చాలా ఉంది, అది పోతే గాని కొత్త పని మొదలుపెట్టే ధైర్యం రాదు అంది. నాకు బాగా నచ్చింది. ఇప్పటికీ ఆ మాటలో తప్పేమీ కనబడదు. తిప్పలన్నీ ఆవిడ విమానం ఎక్కాక వచ్చినవే.

ఆవిడ సలహా చెప్పింది. మా డైరెక్టర్ గారికి అది ఉత్తర్వులా వినబడింది. మర్నాడే సమావేశం పెట్టారు.

“వైఫల్య భీతిని సమూలంగా నిర్మూలించవలెనన్నచో వైఫల్యమును నిర్బంధం చేయుట మినహా మార్గాంతరం లేదు” అన్నారు.

సాయంత్రానికి సర్క్యులర్ వచ్చింది. ప్రతి విద్యార్థీ ఒక సాంకేతిక సంస్థను స్థాపించవలెను. అది గడువులోగా విఫలం కావలెను. విఫలమైనట్టు ధ్రువపత్రం సమర్పించనివారికి డిప్లమా ఇవ్వబడదు. ఈ కార్యక్రమానికి ‘వైఫల్య సమన్వయకర్త’గా నన్ను వేశారు. నన్నెందుకు వేశారండీ అని అడిగితే, చెరపడంలో మీకున్న అనుభవం దృష్ట్యా అన్నారు.

సందేహాలు చాలా వచ్చాయి. ఫెయిలవడంలో కనీస మార్కులు ఎన్ని? ముప్పై అయిదే. అంతకన్నా తక్కువ వస్తే? వాడు ఫెయిలవడంలో ఫెయిలైనట్టు, సెప్టెంబరులో మళ్లీ వచ్చి ఫెయిలవ్వాలి. కంపెనీ మునిగేటప్పుడు విద్యార్థి నవ్వుతూ ఉండాలా? ఉండాలి, అందుకు ప్రత్యేకంగా మార్కులున్నాయి. ఇన్విజిలేటరు కూడా నవ్వాలా? ఆ విషయం పై అధికారులకు రాశాం, ఇంకా జవాబు రాలేదు.

మన పిల్లలకు దేన్నైనా సిలబస్ చేసి ఇస్తే చాలు, అందులో ర్యాంకు కొట్టేస్తారు. నెల తిరిగేలోగా బస్టాండు దగ్గర రెండు కోచింగ్ సెంటర్లు వెలిశాయి. ‘వైఫల్య దర్శిని, గత ప్రశ్నపత్రాలతో సహా’ అని ఒక గైడు వచ్చింది. గత సంవత్సరం ఈ కోర్సే లేదు కదా, ప్రశ్నపత్రాలు ఎక్కడివని ఎవరూ అడగలేదు, కొనేశారు. మెయిన్ రోడ్డు మీద పెద్ద బోర్డు వెలిసింది. పాస్‌పోర్టు ఫొటోలు వరసలు వరసలుగా, పైన ‘ఘోర వైఫల్యాల్లో జిల్లా ప్రథమం ఈసారీ మాదే’ అని. బేకరీవాడు అంతవరకూ పుట్టినరోజు కేకులు చేసుకు బతికేవాడు. ఇప్పుడు ‘మునిగిపోయినందుకు శుభాకాంక్షలు’ అని క్రీముతో రాసిన కేకులు అద్దాల పెట్టెలో రెడీగా పెట్టి కూర్చుంటున్నాడు.

పిల్లలు కూడా మనసు పెట్టి పనిచేశారు. సముద్రంలో ఉన్న జాలర్లకు సముద్రం ఎటువైపు ఉందో చెప్పే యాప్ ఒక జట్టు చేసింది. ఆకలేస్తోందో లేదో చెప్పే యంత్రం ఇంకో జట్టు చేసింది. కోడిపుంజులను నిద్రలేపడానికి అలారం చేసినవాడికి బంగారు పతకం వస్తుందన్నారు. అన్నీ చెప్పిన తేదీకి చెప్పినట్టు మునిగాయి, కేకులు కోశారు, ఫొటోలు దిగారు.

తల్లిదండ్రుల సమావేశంలో ఒకాయన నా మీద విరుచుకుపడ్డాడు. పక్కింటి కుర్రాడికి పూర్తి నష్టం వేసి తమవాడికి సగం నష్టమే వేశామట. తమవాడు మాత్రం ఏం తక్కువ తిన్నాడని అడిగాడు. ఒక తల్లి, తమ అబ్బాయి కంపెనీ మునగాలని అన్నవరం మొక్కుకుందట. ప్రొఫెసర్ ఇంగ్రిడ్ కోరినట్టే మా ఊళ్లో ఫెయిలవుతామనే భయం మటుమాయమైంది. దాని స్థానంలో ఫెయిలవ్వమేమోనన్న భయం వచ్చి కూర్చుంది, అంతే.

ఆ భయం అందరికన్నా ఎక్కువ పట్టుకున్నది వాసంశెట్టి మణిమాలను. ఎలక్ట్రికల్ మూడో సంవత్సరం. వాళ్ల నాన్న అబ్బులు కరెంటు లైన్‌మన్, ఒక గాలివాన రోజున డ్యూటీలోనే పోయాడు. కారుణ్య నియామకం కింద ఈ పిల్లకు ఊరి సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్ ఉద్యోగం రావాలి. జూలై నెలాఖరులోగా డిప్లమా చూపించాలి, లేకపోతే ఆ ఉద్యోగం మురిగిపోతుంది. చిన్నప్పుడు వాళ్ల నాన్న స్తంభం ఎక్కితే కింద చెప్పులకు కాపలా కూర్చునేదట. ఆ సబ్‌స్టేషన్ గేట్లోంచి ఉద్యోగిగా లోపలికి వెళ్లడం తప్ప ఆ పిల్లకు జీవితంలో వేరే కోరిక లేదు. అందుకే మిగతావాళ్లు సరదాకి ఫెయిలవుతుంటే తను ప్రాణం పెట్టి ఫెయిలవ్వాలనుకుంది.

“మేస్టారూ, ఇంకెవరికీ అక్కర్లేని ఐడియా ఒకటి దొరికిందండి” అంటూ వచ్చింది ఒకరోజు. “అలిగినోళ్ల కోసం యాప్.”

ఆ పిల్ల తర్కం నాకు చాలా సబబుగా తోచింది. మన పెళ్లిళ్లలో ఎవరో ఒకరు అలగడం మామూలే. కానీ అలిగినవాడు నోరు విప్పి ‘నేను అలిగాను’ అన్నాడంటే అది అలక కాదు, ఫిర్యాదు. అలకలో ఉన్న గొప్పతనమంతా చెప్పకపోవడంలోనే ఉంది. ఎదుటివాళ్లే కనిపెట్టాలి, కంగారుపడాలి, వచ్చి గెడ్డం పట్టుకోవాలి. అలాంటప్పుడు ఫోను తీసి, బటన్ నొక్కి, తన అలకను తనే నమోదు చేసుకునే వెర్రివాడు మూడు జిల్లాల్లో దొరకడు. నేను వెంటనే మంజూరు చేసి, శ్రేష్ఠమైన వైఫల్యానికి అవకాశం ఉన్నదని ఫైల్లో రాశాను.

యాప్ పేరు కూడా ‘అలక’ అనే పెట్టింది. అందులో అలకను మూడు స్థాయిలు చేసింది. ముఖం ముడుచుకుంటే సాధారణం, ఫోన్ చేసి బతిమాలితే సరిపోతుంది. భోజనం చెయ్యకుండా వెళ్లిపోతే మధ్యమం, పళ్లు పట్టుకుని ఇంటికి వెళ్లాలి. రాకపోకలు మానేస్తే తీవ్రం, ఇంటిల్లిపాదీ కొత్తబట్టలతో వెళ్లి బొట్టు పెట్టాలి. కారణాలు కూడా వరసగా ఇచ్చింది. బొట్టు పెట్టి పిలవలేదు, రెండో పంక్తిలో కూర్చోబెట్టారు, ఫొటోకి పిలవలేదు, పెద్దవాణ్ణని చూడకుండా ‘మీరూ తినేయండి’ అన్నారు, ఇలాంటివి. నొక్కితే చాలు, అవతలివాళ్ల ఫోనుకు కబురు వెళ్తుంది. వాళ్లు వచ్చి బతిమాలేదాకా ప్రతి శుక్రవారం మళ్లీ మళ్లీ గుర్తు చేస్తుంది.

మేం ఇద్దరం ఒక చిన్న సంగతి మర్చిపోయాం. అలిగినవాడు తనే నొక్కనక్కర్లేదు. మొదట మణిమాల పెదమావయ్యే ఒక నిశ్చితార్థంలో అలిగాడు. ఆయన ఫోను ముట్టుకోలేదు. చుట్ట కాల్చుకుంటూ, అదేదో యాప్ అంట కదా అని గాలిలోకి అన్నాడు, పక్కనే ఉన్న భార్య నొక్కింది. గంటలో పెళ్లికొడుకు తండ్రి అరటిపళ్లతో వచ్చి నిలబడ్డాడు. మావయ్య ఆశ్చర్యపోయి, అబ్బే నాకేం కోపం లేదండి, ఏదో చెయ్యి తగిలినట్టుంది అన్నాడు. ఆ కబురు సాయంత్రానికి ఊరు దాటింది.

ఇక ఆగలేదు. అవతల వైశాఖమాసం, ముహూర్తాల మీద ముహూర్తాలు. జిల్లాలో ఎవరి చెయ్యి చూసినా ఫోనుకు తగులుతూనే ఉంది. తరతరాలుగా గుండెల్లో దాచుకున్న పాత అలకలను కూడా తవ్వితీసి నమోదు చేశారు. వంటవాళ్లు బేరం కుదుర్చుకునేటప్పుడే మధ్యమాలకు వేరే క్యారేజీలు కట్టాలా అని అడగసాగారు. పళ్లకొట్లవాళ్లు మణిమాలను చూస్తే లేచి నిలబడుతున్నారు.

వైఫల్య సమీక్షా సమావేశంలో మణిమాల తల దించుకుని నిలబడింది. యాప్ వాడుతున్నవాళ్ల సంఖ్య విని డైరెక్టర్ గారు కళ్లజోడు తీసేశారు. సంస్థ పరువు ఏం కావాలన్నారు. తోటి విద్యార్థులు ఎంత చక్కగా మునిగారో చూసి నేర్చుకోవలెనన్నారు. పిల్లను పాడుచేస్తున్నారని నాకొక మెమో ఇచ్చారు.

మణిమాల చెయ్యని ప్రయత్నం లేదు. కబురు అందడం ఆలస్యం చేసింది. అలక కాస్త ముగ్గాక అందితేనే బాగుందని జనం మెచ్చుకున్నారు. అక్షరాలు కనబడకుండా ముదురాకుపచ్చ మీద నల్లరంగు వేసింది. ఎలాగూ మనవలే చదివి పెడుతున్నారు గనుక ఎవరూ గమనించలేదు. చివరికి, అలిగినవాళ్ల ఇంటిపేర్లు అందరికీ కనబడేటట్టు పెడితే సిగ్గుపడి మానేస్తారని ఆ పని కూడా చేసింది. అందులో తమ ఇంటిపేరు లేనివాళ్లు, తమను ఎవరూ పట్టించుకోవడం లేదనుకుంటారేమోనని అలిగారు.

పిల్ల గడువు ముంచుకొస్తోంది గనుక నేను ధైర్యం చేసి ఒక వాదన లేవదీశాను. మణిమాల ఫెయిలవ్వాలని ప్రయత్నించి ఫెయిలైంది కాబట్టి ఫెయిలైనట్టే కదా అన్నాను. దీని మీద ‘విఫల వైఫల్య విచారణ సంఘం’ వేశారు. ఆమె ఫెయిలవడంలో ఫెయిలైందని ఒప్పుకుంటే ఫెయిలైనట్టే, అప్పుడు అనుకున్నది సాధించినట్టే, సాధిస్తే ఫెయిలవ్వనట్టే కదా అని సంఘం తేల్చింది. సభ్యుడైన లెక్కల లెక్చరరు టీ తాగి వస్తానని వెళ్లి మెడికల్ లీవు పెట్టాడు.

ఈలోగా ప్రొఫెసర్ ఇంగ్రిడ్ వీడియోలో కనబడింది. యాప్ సంగతి ఎలాగో ఆవిడ దాకా వెళ్లింది. తమ దేశంలో కోపం వచ్చినవాళ్లు ఒక్క ముక్క మాట్లాడరనీ, ఇంటికెళ్లి తలుపేసుకుంటారనీ, తన బాబాయి ఒకాయన అలా తలుపేసుకుని ఇరవై ఏళ్లయినా ఎందుకో ఇప్పటికీ ఎవరికీ తెలియదనీ చెప్పింది. చెబుతూ కళ్లు తుడుచుకుంది. ఈ యాప్ మాకు కావాలి అంది. మణిమాల ముఖం పాలిపోయింది. మేస్టారూ, ఇంక విదేశాల్లో కూడానా అని నా చెవిలో గొణిగింది. నేను తెగించి, ఈ పిల్ల ఫెయిలవకపోతే మేము డిప్లమా ఇవ్వం మేడమ్ అని చెప్పేశాను. ఆవిడ తెల్లబోయి, ఫెయిలవడం తప్పనిసరి చెయ్యమని నేనెప్పుడూ చెప్పలేదే అంది. లైను కట్ చేశాక డైరెక్టర్ గారు, అది ఆ మహనీయురాలి వినయమని మాకు వివరించారు. అంతర్జాతీయ స్థాయిలో విజయం సంభవించినందుకు నాకు రెండో మెమో ఇచ్చారు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. సేవలు పూర్తిగా నిలిచిపోయిన సంస్థను విఫలమైనట్టు పరిగణించవలెనని సర్క్యులర్‌లోనే ఉంది. యాప్ మూసెయ్యి అన్నాను. మణిమాల తల అడ్డంగా ఊపింది. తన మీద జిల్లా మొత్తం అలుగుతుందంది. ఇంకా ఎంతోమంది ఎవరో ఒకరు వస్తారని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నారంది. ఆ కూర్చున్నవాళ్లు ఎవరెవరో నాకు తెలీదు మేస్టారూ, ఇంకోళ్ల అలకలు నేనెప్పుడూ తెరిచి చూడలేదు అని కూడా చెప్పింది. నాకు జాలేసింది. కానీ జూలై సగం గడిచిపోయింది. ఆ పిల్ల కళ్లు మూసుకుని యాప్ మూసేసింది. మేం ఇద్దరమే బేకరీకి వెళ్లి చిన్న కేకు కోశాం.

ఫైలు డైరెక్టర్ గారి బల్ల మీదికి వెళ్లింది. కింద నా సిఫారసు ఉంది. సంతకం ఒక్కటే కావాలి. రోజూ వెళ్లి అడుగుతున్నాను. పరిశీలనలో ఉన్నది అంటున్నారు. మణిమాల వరండాలో నిలబడి ఉంటోంది, వాళ్లమ్మ నూకరత్నం గేటు బయట నిలబడి ఉంటోంది. నెలాఖరు వారం వచ్చేసింది. నాకు ఒళ్లు మండిపోయి, తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, ఇందులో పరిశీలించడానికి ఏముందండీ అని గట్టిగానే అడిగాను.

ఆయన తలుపు వేసి రమ్మన్నారు. తర్వాత నా జీవితంలో మొదటిసారి ఆయన మామూలు తెలుగు మాట్లాడారు.

“కార్డులో డాక్టరని వెయ్యలేదయ్యా కేశవులూ” అన్నారు. “సొంత తోడల్లుడు. గృహప్రవేశం కార్డు. అందరి పేర్లకీ ముందు ఏదో ఒకటి ఉంది. నాకు మాత్రం ఉత్త దక్షిణామూర్తి.”

ఆ తోడల్లుడు బజారులో సిమెంటు కొట్టు జానకిరామయ్య గారు. డైరెక్టర్ గారు ఆ గృహప్రవేశానికి వెళ్లి, కార్డు జేబులోంచి తీసి ఇంకోసారి చూసుకుని, భోజనం చెయ్యకుండా వచ్చేశారట. ఆ సాయంత్రమే ఆయన చెయ్యి కూడా ఫోనుకు తగిలింది. యాప్ మూసేదాకా ప్రతి శుక్రవారం జానకిరామయ్యకు గుర్తుచేస్తూ కబురు వెళ్తూనే ఉండేది. ఇంకొక్క రెండు శుక్రవారాలైతే మెత్తబడి వచ్చేవాడే, ఈలోగా మీ పిల్ల మూసేసింది అన్నారు. ఇప్పుడు సంతకం పెడితే యాప్ పోయినట్టు ఖాయమవుతుంది, నా సంగతి ఎవరికి గుర్తుంటుంది అన్నారు. ఒకసారి తెరిపించకూడదా అని అడిగారు. తెరిస్తే పిల్ల ఫెయిలవదు కదండీ అన్నాను. అవును, సర్క్యులర్ నేనే రాశాను అని తల పట్టుకున్నారు. మనిషి నిజంగా బాధలోనే ఉన్నారు, నాకు నవ్వు రాలేదు.

మణిమాలతో చెప్పాను. ఆ పిల్ల ఏడవలేదు, ఫోను తియ్యలేదు. నేరుగా జానకిరామయ్య గారింటికి నడిచి వెళ్లింది. అక్కడ తేలిందేమిటంటే, భోజనం చెయ్యకుండా వెళ్లిపోయి కొత్తింట్లో తన పరువు తీశాడని జానకిరామయ్య గారు కూడా అదే రోజు అలిగారు. ఆయన కబురు కూడా ప్రతి శుక్రవారం డైరెక్టర్ గారికి అందుతూనే ఉండేది. అలిగింది నేనైతే నేనెందుకు వెళ్లాలని ఇద్దరూ గుమ్మంకేసి చూస్తూ కూర్చున్నారు. వాళ్ల భార్యలు అక్కచెల్లెళ్లు. వాళ్లు మాత్రం రోజూ మధ్యాహ్నం ఫోన్లో హాయిగా మాట్లాడుకుంటున్నారు, మొగుళ్లకు చెప్పలేదంతే. దీనికి మందు ఏమిటో వాళ్లిద్దరికీ తెలుసు. ఎవరూ ఎవరింటికీ వెళ్లకూడదు, మూడో ఇంట్లో కలవాలి.

ఆ మూడో ఇల్లు నూకరత్నానిది. ఆదివారం భోజనానికి రమ్మని ఆవిడ రెండిళ్లకూ వెళ్లి, మణిమాల చేత బొట్టు పెట్టించి పిలిచింది. చేతిరాత కార్డు కూడా ఇచ్చింది, రాసింది నేనే. అందులో ‘డాక్టర్’ అన్న మాట పేరు కన్నా రెండింతలు పెద్దగా, నీడ తేలేటట్టు గీశాను. నా డ్రాయింగ్ విద్య ఎవరికైనా పనికొచ్చిందంటే ఆ ఒక్కసారే.

ఆ రోజు ఒకాయనను వీధి గుమ్మంలోంచి, ఒకాయనను పెరటి గుమ్మంలోంచి ఒకే సమయానికి లోపలికి తీసుకొచ్చారు. పక్కపక్కనే ఆకులు వేశారు. ముందు ఎవరికి వడ్డించారన్న మాట రాకుండా నూకరత్నం రెండు చేతుల్లో రెండు గరిటెలు పట్టుకుని ఇద్దరికీ ఒకేసారి పప్పు వేసింది. అయినా ముందు ముద్ద ఎవరు కలుపుతారు? ఇద్దరూ ఆకులకేసి చూస్తూ కూర్చున్నారు. నెయ్యి పేరుకుపోతోంది. భార్యలిద్దరూ తలుపు చాటునుంచి తొంగి చూస్తున్నారు.

“బాబుగారూ” అంది నూకరత్నం, గరిటెలు దించకుండానే. “మా ఆయన పోయాక ఈ ఇంట్లో ఇద్దరు మగోళ్లు పక్కపక్కన కూర్చుని అన్నం తినడం ఇదే మొదలండి. చల్లారిపోద్ది, కానివ్వండి మరి.”

ఇద్దరూ ఒకేసారి తలలు దించుకుని అన్నం కలిపారు. పనసపొట్టు కూర దాకా వచ్చేసరికి జానకిరామయ్య గారు గొంతు సవరించుకుని, డాక్టరు గారూ, ఇంకాస్త పప్పు వేయించుకోండి అన్నారు. డైరెక్టర్ గారి ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఆయన కళ్లు చెమర్చాయి, ఆవకాయ ఘాటు అన్నారు. ఆవకాయ ఇంకా వడ్డించలేదు. నేను వెంట తెచ్చిన ఫైలు కావాలని ఎడంచెయ్యి చాపారు. ఎడంచేతి సంతకం చెల్లదని నేను గుర్తుచేస్తే, లేచి చెయ్యి కడుక్కుని వచ్చి, ‘సంపూర్ణ వైఫల్యం, ప్రథమ శ్రేణి’ అని తన చేత్తో రాసి సంతకం పెట్టారు. మణిమాల ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని గోడ వైపు తిరిగింది. ఇన్నాళ్లూ రాని ఏడుపు అప్పుడొచ్చింది.

సబ్‌స్టేషన్ ఇంజనీరు డిప్లమాతో పాటు ఆ ధ్రువపత్రాన్ని కూడా రెండుసార్లు చదివాడట. పైకీ కిందికీ చూసి, మా దగ్గరికి రావాల్సిన మనిషివేనమ్మా అని చేర్చుకున్నాడట. ఈ సంగతి నాకు మణిమాల చెప్పలేదు, ఫిజిక్సు లెక్చరరు చెప్పాడు. వాళ్లింట్లో స్వీట్లు తిని వచ్చి చెప్పాడు. ఉద్యోగం వచ్చిన సంతోషంలో నూకరత్నం అందరినీ భోజనానికి పిలిచింది. డైరెక్టర్ గారింటికి వెళ్లి కూతురి చేత బొట్టు పెట్టించింది. జానకిరామయ్య గారింటికి వెళ్లి బొట్టు పెట్టించింది. బేకరీవాడింట్లో కూడా పెట్టించింది. నాకు మాత్రం మణిమాల ఫోన్ చేసి, మేస్టారూ మీరు మనవాళ్లే కదా, మిమ్మల్ని వేరే పిలవాలాండి అంది.

నేనేమీ అనలేదు. వెళ్లనూ లేదు. ఆ పిల్ల కోసం రెండు మెమోలు తిన్న మనిషిని. అయినా నాకేం కోపం లేదు, ఆ రోజు ఒంట్లో బాగాలేదంతే. ఎవరైనా వచ్చి అడుగుతారేమోనని వారం రోజులు వీధిగదిలోనే కూర్చున్నాను. చెయ్యి తగలడానికి యాప్ కూడా లేదు, నేనే దగ్గరుండి మూయించాను.

మొన్న మధ్యాహ్నం మా వీధిలో కరెంటు పోయింది. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరో తెలుసు గనుక చెయ్యలేదు. మా ఆవిడ చేసింది. కాసేపటికి లైన్‌మన్‌తో పాటు మణిమాలే వచ్చింది. ఖాకీ చొక్కా, చేతిలో టెస్టరు, వాళ్ల నాన్న నడకే. స్తంభం దగ్గర ఏదో చేయించింది, మా ఫ్యాను తిరిగింది. తర్వాత గేటు దగ్గరికి వచ్చి మేస్టారున్నారా అని అడిగింది. లేరని చెప్పమని లోపల్నుంచి నేనే మా ఆవిడతో అన్నాను, కాస్త గట్టిగానే వినబడినట్టుంది. ఆ పిల్ల వెళ్లలేదు. గేటు మీద చెయ్యి వేసి నిలబడింది.

“మేస్టారు ఏ స్థాయిలో ఉన్నారో కనుక్కోండమ్మా” అంది మా ఆవిడతో. “దానికి తగ్గట్టే వస్తాను.”

మా ఆవిడ లోపలికి వచ్చి నావైపు చూసింది. ఆవిడ అడిగేదాకా ఆగలేకపోయాను.

“మధ్యమం” అన్నాను.